టోపీల కథ – 5: తోలుపట్టీ క్రింది చీటీ

బీవరు అను జలచర జంతువు యొక్క మృదురోమములకై ఐరోపా రాజ్యములు ఉత్తర అమెరికా అరణ్యములలో పెనగులాడిన వృత్తాంతమును, 1670లో రాజశాసనము పొందిన హడ్సన్ బే కంపెనీ ఆ రోమములతో లండను నగరపు టోపీపనివారిని పోషించిన విధమును, అమెరికా వలసలలోని పనివారు తమకు పోటీగా తలయెత్తుచున్నారని గ్రహించిన బ్రిటిషు పార్లమెంటు 1732లో వారి టోపీల ఎగుమతిని నిషేధించి, ఒక్కొక్కని వద్ద ఇద్దరికి మించి శిష్యులుండరాదని శాసించిన కథను చదువరులు గత భాగమున చూచియున్నారు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున పట్టుటోపీ నాగరకుల శిరస్సుల నధిష్ఠించుటతో బీవరునకు ప్రాణభయము కొంత తగ్గెను గాని, ఫెల్టు టోపీ మాత్ర మంతరింపలేదు. బీవరు స్థానమును కుందే లాక్రమించెను. వలసలలో అణగద్రొక్కదలచిన వృత్తియే, స్వతంత్రమైన అమెరికాలో ఒక ఊరిని ఊరుగా నిలబెట్టెను. ఆ ఊరి పేరు డాన్‌బరీ.

కనెక్టికటు రాష్ట్రమున, న్యూయార్కు నగరమునకు ఈశాన్యముగా, స్టిల్ అను చిన్న నది యొడ్డున డాన్‌బరీ యున్నది. నీటికి నది, కాగులక్రింద మంటకు అడవికట్టెలు, సరకు కొనుటకు అనతిదూరమున మహానగరము – ఈ మూడును సమకూడిన చోట ఏ వృత్తియైనను వేళ్ళూనుట వింత కాదు. స్వాతంత్ర్యసమర మింకను ముగియకుండగనే, 1780లో, జాడక్ బెనెడిక్టు అనునతడు అచ్చట తొలి టోపీ కార్ఖానాను నెలకొల్పెనని ఆ ఊరివారు చెప్పుకొందురు. ఆనాటి కార్ఖానా యనగా యజమానియు, ఒక పనివాడును, ఇద్దరు శిష్యులును గల చిన్న కొట్టు మాత్రమే. దినమునకు మూడు టోపీలు తయారైన నదియే గొప్ప. నూరేండ్లు దాటి 1887 వచ్చునప్పటికి అదే ఊరిలో 30 కార్ఖానాలు ఏటా సుమారు 50 లక్షల టోపీలను తయారు చేయుచుండెను. లోకమున కెల్ల కిరీటము పెట్టునది తామేయని ఆ పురవాసులు సగర్వముగ చాటుకొనిరి.

మూడు టోపీల కొట్టు ముప్పది కార్ఖానాల పట్టణ మెట్లయ్యెనో తెలియవలె నన్న, ముందుగా ఫెల్టు స్వభావము నెరుగవలెను. ఫెల్టు నేతగుడ్డ కాదు. దానికి పడుగు లేదు, పేక లేదు. జంతురోమమును సూక్ష్మదర్శినిలో చూచినచో దాని మేనిపై పొలుసులు వరుసగా నమరియుండుట కనబడును. వేడి, తడి, ఒత్తిడి అను మూడును కలసినప్పుడు ఆ పొలుసులు ఒకదాని నొకటి కరచుకొని, మరల విడదీయ శక్యము కానంత గట్టిగా పెనవేసికొనును. పూర్వకాలపు టోపీపనివాడు పొడవాటి వింటిని దూలమునుండి వ్రేలాడగట్టి, దాని నారిని మీటుచు బల్లపై నున్న రోమరాశి నెగురగొట్టి పలుచని పొరగా పరచెడివాడు. మన పల్లెలలో దూదేకులవారి విల్లు నెరిగినవారికి ఈ సాధనమును వేరుగ వర్ణింప నక్కరలేదు. ఆ విధముగ ఒక టోపీకి చాలినంత బొచ్చును పరచుటకు నేర్పు గల చేయి కావలెను, ఓపిక కావలెను, ఏండ్ల శిష్యరికము కావలెను.

1846లో హెన్రీ వెల్సు పేటెంటు పొందిన యంత్రము ఈ వింటిని మూల కూర్చుండబెట్టెను. చిల్లులు గల రాగి శంకు వొకటి మెల్లగా తిరుగుచుండును; దానిలోని గాలిని క్రిందినుండి ఒక పంకా పీల్చుచుండును; పైనుండి విడిచిన బొచ్చు మంచువలె దిగి శంకువునకు సమముగా నంటుకొనును. వెంటనే దానిపై వేడినీటిని చల్లి, తడిసిన ఆ గుల్లను జాగ్రత్తగ ఊడదీయుదురు. అది కాబోవు టోపీకి రెండింతలకు మించిన పరిమాణము గలదై, ముట్టుకొన్న చిరుగునట్లు మెత్తగ నుండును. ఇట్టి గుల్లలను మాత్రమే తయారుచేసి, వాటికి రూపు దిద్దుపనిని ఇతర పట్టణముల చిన్న కొట్లకు వదలివేయు పద్ధతి 1892 మొదలు డాన్‌బరీలో ప్రబలెను. 1904 నాటికి అమెరికాలోని పూర్తియైన టోపీలలో 24 శాతమును, గుల్లలలో 75 శాతమును ఆ ఒక్క ఊరే సరఫరా చేయుచుండెను.

గుల్ల టోపీగా మారు మార్గము నీటిలోను ఆవిరిలోను సాగును. మసలు కాగు చుట్టును వాలుగా అమర్చిన పలకల ముందు మనుష్యులు వరుసగా నిలిచి, గుల్లలను గుడ్డలో చుట్టి, వేడినీట ముంచి, పలకపై దొర్లించి, విప్పి, మడత మార్చి, మరల ముంచి దొర్లింతురు. గంటలకొలది సాగు నీ క్రియలో గుల్ల కుదించుకొనిపోయి, సగముకన్న చిన్నదై, చింపుదమన్నను చిరుగని దిట్టదన మలవరచుకొనును. పిమ్మట లక్కద్రావణముతో దానికి బిరుసు గల్పించి, రంగు పట్టించి, ఆవిరి చూపి, కొయ్య దిమ్మపై బిగలాగి నెత్తిభాగమును తీర్తురు. అంచును కొయ్యచట్రముపై పరచి, కాచిన ఇసుక సంచి నెత్తి వంపు నిలుపుదురు. గరుకు కాగితముతో రుద్ది పైనూగును నున్నగ చేయుదురు. తుదకు అది స్త్రీల చేతికి వచ్చును. లోపల చెమటను పీల్చు తోలుపట్టీని, వెలుపల రిబ్బనును కుట్టు పని వారిది. ఉదయము బొచ్చుగ లోనికి పోయిన వస్తువు పెద్దమనిషి తలకు తగిన అలంకారమై బయటికి వచ్చునప్పటికి, ఇన్ని చేతులు దానిని తాకియుండును.

ఆ చేతులే వణకుచుండెను.

బీవరు బొచ్చు తనంతట తానే చక్కగ పెనవేసికొనును; కుందేటి బొచ్చు నున్నగ నుండుటచే సులభముగ లొంగదు. దానిని లొంగదీయుటకు పాదరసమును నత్రికామ్లములో కరగించి, ఆ ద్రావణమును తోలుమీది బొచ్చునకు కుంచెతో పట్టించెడివారు. ఆరబెట్టినంతనే బొచ్చు కొనలు క్యారటు దుంప రంగునకు తిరుగుటచే ఈ క్రియకు ఆ కూరగాయ పేరే నిలిచెను. ఫ్రాన్సు దేశమున దీనిని రహస్యమని వ్యవహరించిరి. వృత్తిరహస్యముగ మొదలై, విషముగ వ్యాపించినది ఈ ద్రావణమే. బొచ్చుతో వచ్చిన పాదరసము కాగులలో ఆవిరియై లేచెను, దిమ్మలకడ ఇస్త్రీపెట్టె వేడికి లేచెను, గరుకు కాగితము రేపిన దుమ్ముతో కలసి ఊపిరితిత్తులలోనికి పోయెను. శీతకాలమున చలికి కిటికీలు మూసిన గదులలో దాని ప్రభావ మింకను హెచ్చెను. మొదట చిగుళ్ళు వాచి పండ్లు కదలును. నోట లాలాజలము ఊరును. తరువాత వ్రేళ్ళు, కనురెప్పలు, పెదవులు వణకనారంభించును. కాఫీగిన్నెను రెండు చేతులతో పట్టినను తొణకక మానదు. దీనితోబాటు మనిషి స్వభావమే మారును: నలుగురిలో నున్నవాడు బిడియపడి తొలగిపోవును, ఎవరైన తన పనిని చూచుచున్నారన్న వణకు రెట్టింపగును, చిన్నమాటకే మండిపడును.

ఇది వైద్యులకు తెలియని సంగతి కాదు. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణమును ఇంకొక టోపీల కేంద్రమనవచ్చును. తరువాతి కాలమున ఫిలడెల్ఫియాలో 1865లో కార్ఖానా పెట్టి పశ్చిమ మైదానముల పశువులకాపరులకు వెడల్పంచు టోపీని అలవరచిన జాన్ స్టెట్సన్ జన్మించినది అచ్చటనే. ఆ పట్టణపు వైద్యుడు అడిసన్ ఫ్రీమన్ టోపీపనివారిలోని పాదరస వ్యాధిని గూర్చి 1860లోనే తన రాష్ట్ర వైద్యసంఘమునకు విశదముగ నివేదించెను. ఆ నివేదిక తరువాత ఎనుబది యేండ్లు గడచినను ద్రావణము మారలేదు. కారణము లేకపోలేదు: వ్యాధి మెల్లగా వచ్చును, మనిషిని వెంటనే చంపదు, పని మానిన కొందరిలో కొంత తగ్గును. వణకుచు వీధిలో పోవువానిని చూచి త్రాగినాడని నవ్వు లోకమునకు కొరత లేదు. డాన్‌బరీలో ఈ వణకునకు ఊరిపేరే పెట్టి, దానిని వృత్తితో వచ్చు కష్టములలో నొకటిగ సరిపెట్టుకొనిరి.

పనివారు దేనికిని పోరాడలేదని తలపరాదు. వారు పోరాడినది కూలికొరకు, శిష్యుల సంఖ్యకొరకు, సంఘముయొక్క గుర్తింపుకొరకు. వారి యాయుధము చిన్న కాగితపు చీటీ. సంఘపు నియమములకు లోబడిన కార్ఖానాలో తయారైన ప్రతి టోపీయందును తోలుపట్టీ క్రింద ఆ చీటీని అంటించుట 1885 నుండి ఆచారమయ్యెను. దుకాణములో టోపీ కొనబోవు గనికార్మికుడో, రైలుపనివాడో అద్దము ముందు నిలువకమునుపు తోలుపట్టీని వ్రేలితో పైకి తిప్పి చూచును; చీటీ యున్న కొనును, లేకున్న బల్లపై నుంచి వెడలిపోవును. సమ్మె ఊరిలో మాత్రమే జరుగును. చీటీ దేశమంతట తిరుగును. దాని బలముచేతనే 82 గురు టోపీ యజమానులలో 70 మంది సంఘముతో రాజీపడిరి.

రాజీపడనివారిలో ఒకడు డీట్రిచ్ లోవే. జర్మనీనుండి వలసవచ్చి డాన్‌బరీలో కార్ఖానా పెట్టిన యీతడు తన ఇంట నెవరిని పనికి పెట్టుకొనవలెనో సంఘము చెప్పుటకు వీలులేదని భీష్మించెను. 1902 జూలైలో అతని పనివారు సుమారు 250 మంది పని మాని బయటికి వచ్చిరి. అతడు క్రొత్తవారిని చేర్చుకొని కార్ఖానా నడపెను. అప్పుడు సంఘము చీటీకి రెండవ అంచును చూపెను: లోవే టోపీలు కొనవలదని, అవి అమ్ము దుకాణములలో మరే వస్తువును కొనవలదని దేశమంతట ప్రచారము సాగించెను. కాలిఫోర్నియాలోను వర్జీనియాలోను వర్తకులు అతని సరకు తీసికొనుటకు జంకిరి. లోవే యును, అదే ఊరి మరియొక యజమానియైన చార్లెస్ మెరిట్టును కలసి, ఇట్టి బహిష్కారములను న్యాయస్థానమున నెదుర్కొనుటకు యజమానుల సంఘము నొకదానిని స్థాపించిరి. పనివారికి ఒక సంఘముండగా యజమానులకు మాత్ర మేల యుండరాదని వారి వాదము. ఇరుపక్షములవారును ఒకే ఊరివారు, ఒకే వీధులలో తిరుగువారు. కక్ష మాత్రము దేశవ్యాప్తమయ్యెను.

1903లో వ్యాజ్యము దాఖలయ్యెను. దానిలోని మెలకువ అసాధారణమైనది. సంఘపు నిధిపైన గాక, స్వంత ఇండ్లును, బ్యాంకులో కొద్దిపాటి సొమ్మును గల 200కు పైబడిన పనివారిపైననే వ్యక్తిగతముగ దావా వేసి, ఆ ఇండ్లను, ఆ సొమ్మును ముందుగనే జప్తు చేయించిరి. పెద్ద వ్యాపార కూటములను విచ్ఛిన్నము చేయుటకై 1890లో చేసిన షెర్మన్ శాసనమే దీని కాధారము. రాష్ట్రముల మధ్య వర్తకమును కుట్రతో అడ్డగించినవారు నష్టమునకు మూడింతలు చెల్లింపవలెనని ఆ శాసనము విధించెను. నూనెదొరలకొరకు పన్నిన వలలో టోపీపనివారు పడిరి. 1908 ఫిబ్రవరి 3వ తేదీన సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ ఆ శాసనము కార్మిక బహిష్కారములకును వర్తించునని తీర్పు చెప్పెను. మరల విచారణలు, మరల అప్పీళ్ళు జరిగి, 1915లో న్యాయమూర్తి హోమ్స్ వ్రాసిన తీర్పుతో 2,52,000 డాలర్లకు పైబడిన పరిహారము ఖాయమయ్యెను. కార్మిక సంఘములను వర్తక కూటములుగ నెంచరాదను భావముతో 1914లో వేరొక శాసనము వచ్చినను, అప్పటికే తగులుకొన్న వ్యాజ్యమునుండి అది వీరిని తప్పింపలేదు.

పండ్రెండేండ్లపాటు ఆ కుటుంబములు తమ ఇంట తామే పరాయివారివలె నివసించెను. అమ్ముటకు వీలులేదు, తాకట్టు పెట్టుటకు వీలులేదు, పోవునో ఉండునో తెలియదు. పలకకడ నిలువలేని వయస్సునకు వచ్చిన ముసలి పనివానికి జీవితమంతయు కూడబెట్టినది ఆ యొక్క యిల్లే. తుదకు అమెరికా కార్మిక సమాఖ్య ఒక దినమును నిర్ణయించి, దేశమందలి తన సభ్యులందరును ఆనాటి ఒక గంట కూలిని డాన్‌బరీవారికై యియ్యవలెనని కోరెను. గనులలోను ఓడరేవులలోను పోగైన ఆ గంటల కూలితో పరిహారములో అధికభాగము చెల్లి, ఇండ్లు దక్కెను. చీటీని పట్టుకొని టోపీలు కొన్నవారే ఋణము తీర్చిరనవచ్చును.

ఇంతటి పోరాటమునకు కారణమైన టోపీని నగరవాసి ఏ విధముగ ధరించెనో చూడవలెను. ఇరువదవ శతాబ్ది ప్రథమపాదమున టోపీ లేక వీధిలోనికి వచ్చుట అంగీ లేక వచ్చుటకంటె కొంచెము మాత్రమే తక్కువ తప్పు. స్త్రీ యెదురైన అంచును తాకవలెను, పరిచయమున్న ఎత్తవలెను, ఇంట ప్రవేశించిన తీయవలెను. ఏ కాలమున నేది ధరింపవలెనో కూడ నియమమే: వేసవిలో గడ్డిటోపీ, సెప్టెంబరు 15వ తేదీనుండి ఫెల్టు టోపీ. గడువు దాటినను గడ్డిటోపీతో తిరుగువానిని వీధిబాలురు ఎగతాళి చేసి, టోపీ లాగి తొక్కుట వాడుక. 1922లో న్యూయార్కు కుర్రవాండ్రకు గడువువరకు ఆగుటకు ఓపిక లేకపోయెను. సెప్టెంబరు 13వ తేదీ సాయంకాలము పని వదలి వచ్చుచున్న కూలీల టోపీల నూడలాగి తొక్కనారంభించి, రేవు కార్మికులజోలికి పోగా వారు తిరుగబడిరి. పోట్లాట ముదిరి మన్‌హాటన్ వంతెనపై బండ్ల రాకపోకలు నిలిచెను. కొన్నాళ్ళు రాత్రులందు చివర మేకు దిగగొట్టిన కర్రలతో మూకలు తిరిగెను, పలువురు అరెస్టయిరి. టోపీపనివాని బ్రతుకు న్యాయస్థానము చేతిలో నుండగా, టోపీ ధరించువాని మర్యాద ఈవిధముగ వీధిబాలుర చేతిలో నుండెను.

మంచి ఫెల్టు టోపీ ఒక ఋతువుతో తీరునది కాదు. సరిగ కాపాడిన ఏండ్లతరబడి నిలుచును. అందుచే టోపీలను బాగుచేయువారి వృత్తి యొకటి నగరములలో వర్ధిల్లెను. బూట్లకు మెరుగుపెట్టు కొట్లలోనే వెనుకభాగమున ఆవిరికాగు, దిమ్మల వరుస పెట్టుకొని గ్రీసునుండి వలసవచ్చినవారనేకులు ఈ పని చేసిరి. మాసిన టోపీ చేతికి వచ్చినంతనే రిబ్బనును, తోలుపట్టీని కుట్లు విప్పి వేరుచేయుదురు. జిడ్డు విడుచుటకు బెంజీనులో ముంచి తీయుదురు. వాసన పోవువరకు ఆరబెట్టి, ఆవిరితో మెత్తబరచి, అదే కొలత దిమ్మపై దిగలాగి, నెత్తి అడుగున త్రాడుతో బిగింతురు. మెరుగుపోయిన చోట సన్నని గరుకు కాగితముతో నూగు పోవు దిశనే రుద్దుదురు. అంచును మరల చట్రముపై అణచి ఇస్త్రీ చేయుదురు. క్రొత్త పట్టీని, క్రొత్త రిబ్బనును కుట్టుదురు. సొట్టపడి రంగు వెలసిన టోపీ, ఆవిరి తగిలినంతనే తొలినాటి రూపమునకు మరలుట ఆ గుల్ల లోలోపల పెనవేసికొన్న గుణముచేతనే.

ఇంట చేసికొను జాగ్రత్తలు కొన్ని కలవు. నెత్తిపై నొక్కుకడ వ్రేళ్ళతో పట్టి తీయరాదు, ఆ మడతలోనే ఫెల్టు మొదట చిట్లును. అంచును రెండు చేతుల పట్టి తీయవలెను. బల్లపై నుంచునప్పుడు బోర్ల పెట్టరాదు, వెల్లకిల నుంచినచో అంచు వంపు చెడదు. వానలో తడిసినచో మంటదరి ఆరబెట్టరాదు. తోలుపట్టీని వెలుపలికి తిప్పి, నీడన తనంతట ఆరనీయవలెను. నల్లటోపీకి ఒక కుంచె, లేతరంగు టోపీకి వేరొక కుంచె యుండవలెను. ఈవిధముగ తోలుపట్టీని తిప్పిన ప్రతిసారియు, టోపీ కొన్నవానికిని, బాగుచేయువానికిని కనబడునది చీటీయే. అది న్యాయమైన కూలికి చేసిన టోపీ యని చెప్పెను. చేసినవాని చేయి వణకుచుండెనని చెప్పలేదు. కూలి పోరాటమునకు గుర్తు దొరకెను గాని, శరీరము పొందిన హానికి ఏ కాగితమును సాక్ష్యము పలుకలేదు.

ఆ హానికి తుది కలిగినది న్యాయస్థానమువలనను గాదు, బహిష్కారమువలనను గాదు. అమెరికా ప్రజారోగ్యశాఖవారు బొచ్చు కోయువారిని, టోపీపనివారిని 1930ల చివర పరీక్షించి పాదరసము లేని ద్రావణములు సాధ్యమేయని తేల్చిరి. యుద్ధము సమీపించుటచే పేలుడు సామగ్రికి పాదరసము ప్రియమయ్యెను. 1941 డిసెంబరు 1వ తేదీతో టోపీపరిశ్రమలో దాని వాడుక నిలిచిపోయెను. మనుష్యుల వణకు ఎనుబదియేండ్లు సాధింపలేని పనికి తుదిగడియలలో తుపాకిమందు అవసరము తోడయ్యెను. కాని ఆరోగ్యకరమైన పని దొరకునప్పటికి టోపీయే తలలపైనుండి దిగజొచ్చెను. మోటారుకార్ల పైకప్పు క్రిందికి వచ్చెను, పడుచువారు వెంట్రుకల తీరును కప్పిపుచ్చ నిచ్చగింపరైరి. 1964లో స్టెట్సన్ కంపెనీ డాన్‌బరీ కార్ఖానాను మూసివేసెను. స్టిల్ నది అడుగు మట్టిలో ఆనాటి పాదరసము నేటికిని కలదు.

అమెరికాలో టోపీ ధరించువానిని, చేయువానిని శాసించినవి ఆచారము, అంగడి, న్యాయస్థానము. వేరొక దేశమున రాజ్యమే ముందునకు వచ్చి, పౌరుడు తలపై నేమి ధరింపవలెనో చట్టము చేసెను. 1925 ఆగస్టులో టర్కీ అధ్యక్షుడు ముస్తఫా కెమాలు చేత అంచుగల టోపీతో కస్తమోను పట్టణమున ప్రవేశించుటయు, అదే సంవత్సరము నవంబరు 25వ తేదీన టర్కీ శాసనసభ ఎర్రని ఫెజ్జును వెలివేయుటయు, దానిపై తూర్పు పట్టణములలో చెలరేగిన అలజడియు, ఉరికంబములును వచ్చుభాగమున వర్ణింపబడును. అంతకు సుమారు నూరేండ్లకు పూర్వము ఆ ఫెజ్జును సుల్తానే తలపాగాకు బదులుగ బలవంతముగ తెచ్చెననుట ఆ కథలోని విచిత్రము. హైదరాబాదు వీధులలో రూమీ టోపీగ పేరొంది, నిజాము రాజ్యమున ఎందరో ధరించిన శిరోభూషణ మదియే. టర్కీలో నేరమైన టోపీ ఇచ్చట గౌరవచిహ్నముగ నిలిచిన కారణమును కూడ అచ్చటనే విచారింతము.